లోలకానికి ఒంట్లో బాగాలేదు

ఆగస్టు 9, ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి చిన్నోడికి,

అన్నయ్య దీవెనలు. నాలుగేళ్లు మాటామంతీ లేకుండా ఉండి ఇప్పుడు దీవిస్తే పనిచేస్తాయో లేదో తెలియదు. పనిచేసినన్ని తీసుకో. ఇక్కడ మీ వదినా, నేనూ, కొట్లో గడియారాలూ క్షేమం. జబ్బు పడింది నీ చేప. అందుకే ఈ ఉత్తరం. కంగారు పడకుండా చివరిదాకా చదువు.

తోక అటూ ఇటూ ఊపుతుందని నువ్వే దానికి లోలకం అని పేరు పెట్టావు, గుర్తుందిగా. నువ్వు వెళ్లిపోయిన రోజున కొట్లో నీ బల్ల మీద వదిలేసిన గాజుతొట్టెలోనే ఉంది ఇప్పటికీ. సాయంత్రం ఎండ కిటికీలోంచి పడితే నీళ్ల వెలుగు పైకప్పంతా కదులుతుంది. చేతిలో పని పక్కన పెట్టేసి దాన్నే చూస్తూ కూర్చుంటాను. కనీసం దీన్ని తీసుకెళ్లడానికైనా ఏదో ఒక రోజు గుమ్మంలోకి వస్తావని నా ఆశ. ఇది కాస్తా పోతే నువ్వు రావడానికి ఏ సాకూ మిగలదు.

పోయిన నెల అది తిండి మానేసింది. రెక్కలు ఒంటికి అంటించుకుని అడుగున ఒక మూల పడి ఉంది. కంటికి భూతద్దం తగిలించుకుని చూస్తే మొప్పలు ఎర్రగా వాచి ఉన్నాయి, ఒంటి మీద తెల్లటి జిగురు. ఉప్పు మంచిదని ఎవరో అంటే తొట్టెలో రెండు చెంచాలు వేశాను. మర్నాటికి ఇంకా నీరసించింది. వైద్యం చేస్తున్నారా, కూరకి సిద్ధం చేస్తున్నారా అని మీ వదిన అడిగింది.

చేపల దుకాణం ముసలాయన దగ్గరికి పరుగెత్తాను. దాన్ని వేరే నీళ్లలోకి మార్చి, రోజూ సగం నీళ్లు తీసేసి, ముందురోజు పట్టి ఉంచినవి పోయమన్నాడు. మీ వదిన కొత్తగా కొనుక్కున్న టబ్బు లాక్కుని, గాలిబుడగల మోటారు తగిలించాను. మూడో రోజుకి లోలకం లేచి తిరిగింది! సంబరపడిపోయి తొట్టెలో వదిలాను. రెండ్రోజుల్లో మళ్లీ అడుగున పడింది. మళ్లీ టబ్బు, మళ్లీ బాగు, మళ్లీ తొట్టె, మళ్లీ జబ్బు. మన బల్ల మీద చక్కగా నడిచి, ఇంటికి తీసుకెళ్లగానే ఆగిపోయే గడియారాలు ఉంటాయి చూడు, అచ్చం అలాగే ఏడిపించింది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆ టబ్బు పక్కనే కునుకు పట్టింది. కలలో కొట్టంతా నీళ్లు. గోడ గడియారాలన్నీ నిదానంగా ఊగుతున్నాయి. ముళ్లు రెక్కల్లా కదులుతున్నాయి. వాటి మధ్యలోంచి లోలకం ఈదుకుంటూ పోయి నీ భుజం మీద ఆగింది. నువ్వు నీ స్టూలు మీద కూర్చుని తలెత్తకుండా పని చేసుకుంటున్నావు. పిలిచాను. నోట్లోంచి బుడగలే వచ్చాయి గానీ మాట రాలేదు. మెలకువ వచ్చేసరికి చొక్కా చెయ్యి టబ్బులో నానుతోంది.

ఆ సాయంత్రం ముసలాయనే వచ్చాడు. తొట్టెలో లోహం ఏమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను. గుర్తు తెచ్చుకోమన్నాడు. అందానికని రాళ్లలో ఒక ఇత్తడి చక్రం పెట్టానని అప్పుడు చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. ఇత్తడిలో రాగి ఉంటుందట, అది నీళ్లలోకి దిగితే చేపకు విషమట, నేను వేసిన ఉప్పు దాన్ని ఇంకా కరిగించిందట. జన్మంతా ఇత్తడి పట్టుకుని బతికినవాణ్ణి, అంత శుభ్రమైన వస్తువు లేదనుకున్నానురా! రాళ్లు తవ్వి తీస్తే పచ్చగా చిలుము పట్టి ఉంది.

తొట్టె కడిగి, రాళ్లు పారేసి, కొత్త నీళ్లు పెట్టాను. లోలకాన్ని వదిలి నాలుగు రోజులైంది. తోక అంచు కాస్త చిరిగింది గానీ తింటోంది, తిరుగుతోంది. ఈ మాట రాస్తుంటే గాజు దగ్గరికొచ్చి నా కలం వంకే చూస్తోంది.

వీలు చూసుకుని ఒకసారి వచ్చి చూసి వెళ్లు. మీ వదిన నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ రాక కోసం చూస్తూ,
అన్నయ్య

తా.క.: ఉత్తరం మడవబోయాను గానీ మనసు ఒప్పలేదు. అందానికని పెట్టానన్నది అబద్ధం. అది నాన్న గడియారంలోంచి పోయిన చక్రం. ఎవరి గడియారానికో వేసేశావని, దొంగవని నలుగురి ముందు నిన్ను అన్నానే, ఆ చక్రమే. జూన్‌లో నా పనికోటు దర్జీకి ఇవ్వబోతే, చిరిగిన జేబులోంచి జారి అస్తరులో ఉండిపోయినది కనిపించింది. నాలుగేళ్లూ నా ఒంటి మీదే ఉందిరా. వెంటనే నీకు రాయాల్సింది పోయి, ఎవరి కంటా పడకుండా నీ చేప తొట్టెలోనే పాతిపెట్టాను. మీ వదినకి ఇందాక చెప్పాను. అప్పటినుంచి లోలకంతో మాట్లాడుతోంది గానీ నాతో మాట్లాడడం లేదు. నాది తప్పురా చిన్నోడా. చక్రం ఈ కవరులోనే పెట్టాను. చిలుము పోయేలా రుద్దినంత రుద్దాను. నాన్న గడియారం నీ స్టూలుకి ఎదురుగా గోడకే ఉంది, ఆగిపోయి. ఇది నువ్వొచ్చి నీ చేత్తో బిగించు.