బంగళా మాట

బావగారికి,

ఇక్కడ క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉత్తరం అందగానే బయలుదేరి రండి.

మీ చెల్లెలు బంగళా అమ్మగారికి బట్టలు కుడుతోందని మీకు తెలుసు. పంపింది నేనే. వడ్రంగం పనులు లేక పొయ్యి వెలగని రోజులవి. కొన్నాళ్లకే ఆమె నడక మారింది, మాట మారింది. నేను నీళ్లు గటగటా తాగితే ముఖం తిప్పుకునేది. "నీ పెళ్లానికి రెక్కలొచ్చాయిరోయ్" అని వీధిలో నవ్వారు.

మొన్న వానలో అయ్యగారి కారు ఆమెను గుమ్మం ముందు దింపింది. లోపలికొచ్చి, "కాస్త జరుగుతారా, కాళ్లు తుడుచుకుంటాను" అంది. ఇన్నేళ్లూ "జరుగు" అన్న మనిషి. కారు కన్నా ఆ మాటకే నాకు ఒళ్లు మండింది.

"ఎవరు నేర్పారే ఈ మాట?"

"ఎవరూ నేర్పలేదు. వినడానికి బాగుంది, అంతే."

కుట్టుమిషను ఎత్తి వీధిలో పడెయ్యబోయాను. ఆమె అడ్డం వచ్చింది. ఆ తర్వాతిది మీకు రాయలేను. ఆమె కుడిచేతి వేళ్లు ఇంకా ముడుచుకోవడం లేదు. అమ్మగారు డాక్టరును పంపితే నేను తలుపు తియ్యలేదు. మన ఇంటి గొడవ వాళ్లకెందుకు?

అప్పటినుంచి ఆమె నోరు విప్పలేదు. తినమంటే తింటుంది, లేవమంటే లేస్తుంది. నిన్న కాళ్లు పట్టుకుని, "బంగళా మాటే మాట్లాడు, వింటాను" అని బతిమాలాను. గోడకేసి చూస్తూ ఉండిపోయింది.

మీతోనైనా మాట్లాడుతుందేమో. తీసుకెళ్తానన్నా అడ్డు చెప్పను. మీరొచ్చేసరికి నేను పనిలో ఉంటే, తలుపుకు బయట తాళం ఉంటుంది. తాళంచెవి పక్కింటి అవ్వనడగండి.

మీ బావమరిది