చొప్పబెండు బండి

బాన్సువాడ,
వ్యయ సంవత్సరం, భాద్రపద శుద్ధ దశమి

చిరంజీవి దేవిదాసుకు మీ అమ్మ దీవించి రాయునది.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం కుదురుగానే ఉన్నాం. నీ జాబు అందిన నాటినుంచి నా మనసు ఒక్కటే కుదురుగా లేదు. బొంబాయి అల్లర్లకు దూరంగా, వేళకు తింటూ ఉన్నావని నమ్ముతున్నాను. మీ నాయనకు మోకాళ్ళ నొప్పి కొంత నయం. నాట్లు అయిపోయాయి. నీ భార్య ప్రేమల తెల్లవారకముందే నాతోపాటు లేచి దీపం పెడుతున్నది.

నీ బిడ్డ గౌరి చదువు సంగతి అడిగావు. పలక ముట్టదు. వామిలోంచి జొన్నచొప్ప లాక్కొచ్చి నా ముందు కూర్చుంటుంది. చిన్నప్పుడు పిట్లంలో మా అవ్వ నాకు నేర్పినట్టే, తొక్క చీల్చి, లోపలి బెండు కోసి, బండి చేయడం నేర్పుతున్నాను. "గీ బండికి గడ్డి తినే ఎడ్లెందుకే, గాలి మేసేటియి చాలు" అని మీ నాయన దాన్ని ఉడికిస్తున్నారు.

ఎడ్ల అమావాస్యనాడు మీ అన్న ఆశన్న చేసిన బండిని మట్టి ఎడ్ల పక్కన పెట్టి పిల్లచేత మొక్కించావా అని అడిగావు. మొక్కించాను. అన్న చేతిగుర్తు అదొక్కటే మిగిలింది, దసరాకు ప్రేమల, గౌరి నీ దగ్గరికి వచ్చేటప్పుడు వాళ్ళతో పంపమన్నావు. ఆ మాట చదివి రెండు దినాలు జవాబు రాయలేకపోయాను.

పూజ అయ్యాక బండిని గౌరి చేతికిచ్చాను. అది చక్రం తిప్పి చూసింది. పిల్లలంతా బెండును తొక్క పుల్లలతో గుచ్చుతారు. పుల్ల వదులవుతుందని మా అవ్వ తుమ్మముల్లు గుచ్చేది. నాకూ అదే అలవాటు.

"గిది పెద్దనాయన చేసిండంటివి. ముండ్లు నువ్వు గుచ్చినట్టే ఉన్నయి గదనే అవ్వా?" అన్నది.

ప్రేమల నావైపు చూసింది. నేను మట్టి ఎడ్లను సర్దుతూ ఉండిపోయాను.

నాయనా, ఆశన్న కలరాతో పోయిననాడు వాడి బట్టలు, చాప, ఆటవస్తువులు అన్నీ ఊరి బయట కాల్చేశారు. బండి కూడా కాలిపోయింది. నీకప్పుడు నాలుగేళ్ళు. అన్న బండేదని మూడు దినాలు అన్నం ముట్టలేదు. నాలుగోనాడు నేనొకటి చేసి, దొరికిందన్నాను. నువ్వు తిన్నావు. ఆ తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు. బెండు ఎన్నాళ్ళుంటుంది? పురుగు తొలిచినప్పుడల్లా కొత్తది చేసి, పొయ్యి మీద పొగ చూరనిచ్చాను. ఇప్పుడున్నది ఐదోది. ఇరవైనాలుగేళ్ళు దేవుని ముందు అబద్ధాన్ని పెట్టి నీచేత మొక్కించాను.

వాడి బండికి ఎడమ చక్రం చిన్నది, ఒక పక్కకు ఒరిగేది. ఐదుసార్లూ ఆ చక్రం చిన్నదిగానే కోశాను. వాడు పుల్లలు గుచ్చేవాడన్నది మాత్రం నా చేతికి గుర్తు రాలేదు.

ఆ సాయంత్రమే ప్రేమలకూ గౌరికీ అంతా చెప్పాను. మర్నాడు గౌరి తానే ఒక బండి చేసి తెచ్చింది. ఎడమ చక్రం చిన్నది. ఎక్కడా ముల్లు లేదు, అన్నీ పుల్లలే. చక్రాలు సరిచేస్తానన్నాను.

"ఒద్దవ్వా. పెద్దనాయనది గిట్లనే ఉండె గద."

దసరాకు వాళ్ళతో రెండు బండ్లూ పంపుతున్నాను. ముండ్లున్నది నాది, పుల్లలున్నది నీ బిడ్డది. మీ అన్నది లేదు, నాయనా. నన్ను మన్నించగలిగితే ఒక ముక్క రాయి.

ఇట్లు,
నీ మేలు కోరి రోజూ దీపం పెట్టే
మీ అమ్మ
భాగ్యవతి