నాలుగించులు వద్దు

నాయనా, అమ్మ మోకాలు డాక్టరుకు చూపించేదానికి ఇద్దరమూ ధర్మవరం బస్సుకు పోతాండాము. సంగటి గిన్నెలో ఉండాది. పప్పు వేడి చేసుకో, చల్లది తినొద్దు.

మెకానిక్ ఫోన్ చేస్తే మన పికప్ బండి ఎత్తు రెండించులు లేపితే చాలని చెప్పు. టైర్లు ఒక్క సైజు పెద్దవి చాలు. ఎదురింటి పుల్లన్న మామ తన బండిని మూడించులు లేపించినాడని నీకు నాలుగు కావల్లనా? అంతెత్తుకు చెనిక్కాయ మూటలు ఎవరు ఎత్తుతారు, నువ్వా?

నాలుగించులు ఎంతెత్తో చూద్దామని నిన్న బండిని ఇటుకల మీదికి తోలి అమ్మను ఎక్కమన్నా. ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టుకోని నిన్నే తిట్టింది. దిగేటప్పుడు మోకాలు పట్టేసింది.

నీ కూతురు ప్రశాంతి

అమ్మ ఇది చదివి నాలుగే లేపించమంటాంది. ఎదురింటి అత్త వాకిట్లో నిలబడి చూస్తాంటే ఆరించులైనా ఎక్కుతాదంట.