ఒళ్లో కూర్చుని వచ్చిన రేడియో

తాతా,

నిన్న దేవరయాంజాల్ ఇల్లు ఖాళీ చేసి అల్వాల్‌కు మారాం. నువ్వు పోయినప్పటి నుంచీ మూగబోయిన నీ రేడియోను వారం కిందట పాత సామాన్ల బండికి వేసేస్తానన్నాడు నాయిన.

"మాట్లాడని పెట్టె ఎందుకురా? ఆడ జాగ లేదు."

"పారెయ్యడం మనకు నేర్పింది కంపెనీలు, నాయినా" అని నేను ఊళ్లో పంచే కరపత్రం చదివినట్టే అరిచాను. అరుపులకు రేడియో పెట్టె చెక్క బాగుపడదు కదా, దాన్ని బాగుచేస్తానని వారం గడువు అడిగాను.

మొదటిరోజు ఆ కోపంతోనే గరుకు కాగితం అడ్డంగా రుద్దితే గీతలు పడ్డాయి. చెక్క చారల వెంబడి మెల్లగా రుద్దితేనే నునుపు తేలింది. పైకి లేచిన పలుచని చెక్కపొరను జిగురుతో అంటించి, బరువుకు దాని మీద నా కరపత్రాల కట్టలన్నీ పేర్చాను.

అవ్వ నవ్వింది. "ఇన్నేండ్లకు నీ కాయితాలు ఒక పనికొచ్చినయ్ బిడ్డా."

నాకూ నవ్వొచ్చింది. తెల్లారేసరికి పొర అతుక్కుంది. వార్నిష్ వేస్తే తేనె రంగు వచ్చింది.

నిన్న సామాన్లన్నీ ట్రాలీ ఆటో ఎక్కించాక, నాయిన ముందు సీట్లో కూర్చుని చేతులు చాపాడు.

"గా పెట్టె ఇటియ్యి. ఎనకేస్తే గీతలు వడ్తయ్."

అల్వాల్ దాకా దాన్ని ఒళ్లోంచి దించలేదు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "మెల్లగ పోనియ్యవయ్యా" అని డ్రైవర్‌ను కసిరాడు, అచ్చం నీ గొంతుతో.