ఆఫీసుకి కట్టుకెళ్ళిన చాప

టె పుకే, న్యూజిలాండ్. బుధవారం.

అమ్మా, నేను కులాసా, మీరంతా కులాసా అని తలుస్తాను.

ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు నిన్న నాకు వచ్చేసింది. ముందు మేనత్తకి చెప్పు, ఆవిడకి చివర్న తెలిస్తే ఏడాదంతా సాధిస్తుంది.

వీసా ఆఫీసుకి మన టోంగా మర్యాద ప్రకారం నడుముకి మొగలాకు చాప చుట్టుకునే వెళ్ళాను. కాని తొందర్లో మంచిది వదిలేసి, నాన్నమ్మ పోయినప్పుడు ఇక్కడే కట్టుకోమని నువ్వు పంపిన చావు చాప, ఆ చిరుగులది కట్టుకున్నాను. గుమ్మం దగ్గర కాపలా ఆయన మన టోంగా మనిషే. చూడగానే టోపీ తీసి, "ఎవరు పోయారు తల్లీ?" అన్నాడు. కొత్తగా ఎవరూ పోలేదు, చాప మారిందన్నాను. "నయం, వీసాకొచ్చావో శవజాగారానికొచ్చావో తెలీక హడలిపోయాను" అని నవ్వాడు.

లోపల ఆఫీసరమ్మ, "ఇన్నేళ్ళలో ఒక్కసారీ మీ ఊరు వెళ్ళలేదేం?" అంది. "వెళ్తే ఇక్కడున్న కాలం లెక్కలోకి రాదన్నారు. మా నాన్నమ్మ మట్టికి కూడా వెళ్ళలేదండీ" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడక్కుండా ముద్ర వేసింది.

వాననీళ్ళ తొట్టె పగులు పూడ్చారా? తమ్ముణ్ణి ఆ పెద్ద పందిని అమ్మనివ్వకు, క్రిస్మస్‌కి నేను వస్తున్నాను. ఇక ఎప్పుడైనా వచ్చి వెళ్ళొచ్చు, ఎవరూ ఆపరు. నాన్నని, పిల్లల్ని దేవుడు చల్లగా చూడాలి. విమానం దిగి ముందు నాన్నమ్మ సమాధికే వెళ్తాను. ఆ చిరుగుల చాపే కట్టుకుంటాను, ఈసారి పొరపాటున కాదు.

నీ లోసలీన్