పిట్ట ముట్టని బువ్వ

ఏమయ్యా, బాగున్నావా?

నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. అంగన్‌వాడీ టీచర్‌ని కదా, పుస్తకాల తెలుగులోనే రాస్తున్నాను. ఎప్పట్లాగే పంతులమ్మా అని వెక్కిరించుకో.

వెనిస్ చూసొచ్చాను. అవును, మనిద్దరం పేర్లిచ్చిన ఆ టూరుకే. డ్యామ్ మీద నీతో పాటు పనిచేసి రిటైరైనవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు, అంతా కలిసి వెళ్ళాం. ఏడాది తిరగకుండానే విమానమెక్కిందని మీ చెల్లెలు మన ఊరు నందికొండంతా చాటింపు వేసింది. వేసుకోనీ. నేనెందుకు వెళ్ళానో నీకు తెలిస్తే చాలు...

నువ్వు పోయిన మూడోనాడు కృష్ణ ఒడ్డున నీకు పెట్టాం. బువ్వ, యాటకూర, గారెలు, సీసాలో కల్లు, నీ బీడీ కట్ట. పెట్టి దూరంగా జరిగి నిలబడ్డాం. కాకులు చెట్టు మీద కూర్చుని చూశాయే గానీ ఒక్కటీ దిగలేదు. నీ కోరికేదో మిగిలిపోయిందన్నారు అందరూ. మన కొడుకు రవి ఇక తాగనని ఒట్టేశాడు. మీ చెల్లెలు జన్మలో నాతో పోట్లాడనంది. ఆ మాట కాకులు కూడా నమ్మినట్టు లేదు. పొద్దు తిరిగినా పిట్ట ముట్టలేదు. విస్తరి నీళ్ళలో వదిలేసి ఇంటికొచ్చాం.

ఆ రోజు నుంచి నాకు తిండి సయించలేదు. ఏం కావాలయ్యా నీకు? కూరలో ఉప్పు తక్కువైనా నోరు తెరిచి అడిగే మనిషివి కాదు...

అప్పుడు వెనిస్ గుర్తొచ్చింది. టూరు కాగితం చేతికొచ్చిన దగ్గర్నుంచి నీకు అదే ధ్యాస. రోమ్ అక్కర్లేదు, ఇంకోటి అక్కర్లేదు, నీళ్ళలో నిలబడ్డ ఊరు చూడాలన్నావు. నీకు మిగిలిన కోరిక అదేననుకున్నాను. నీ బదులు నేను చూసొస్తే నువ్వు నిమ్మళంగా ఉంటావనుకున్నాను.

అక్కడి బస్సులో నీ సీటు నా పక్కన ఖాళీగానే ఉంది. రెండో రోజుకల్లా అందరూ దాని మీద సంచులూ స్వెటర్లూ పడేయడం మొదలుపెట్టారు. ఒళ్ళు మండి తీసేయమన్నాను. తీశారు, కానీ ఆ తర్వాత నాతో మాట్లాడడం తగ్గించారు.

వెనిస్ అంటే ఏం చెప్పను? గడప దాటితే నీళ్ళే. బస్సెక్కినట్టు లాంచీ ఎక్కుతారు. అంబులెన్స్ కూడా పడవే. మెట్ల నిండా పాచి. నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చి పోయాయో గోడల మీద మరకలు చెబుతాయి. అందరూ మేడలకు ఫోటోలు తీస్తుంటే నువ్వుంటే ఆ మరకలే చూస్తూ నిలబడేవాడివి.

పెద్ద చర్చి ముందు రాళ్ళు పరిచిన మైదానం ఉంది. ఎటు చూసినా పిట్టలే. మన పక్క క్వార్టర్ భారతక్కను నాకు చాటుగా నిలబడమన్నాను. చేతిరుమాలు పరిచి, వెంట తెచ్చుకున్న సకినాలు పెట్టి, నీ పేరు తలుచుకుని దండం పెట్టాను. బాతంత తెల్లపిట్ట ఒకటి రివ్వున దిగి ఎత్తుకుపోయింది. పిట్ట ముట్టిందని భారతక్క భోరున ఏడ్చింది. అంతలో జెండా పట్టుకున్న మన గైడు పరుగెత్తుకొచ్చాడు, హైదరాబాద్ అబ్బాయే. అక్కడ పిట్టలకు మేత వేస్తే జరిమానా వేస్తారట. అందరి ముందూ నన్ను చెడామడా తిట్టాడు.

నేను ఆ పిట్టనే చూస్తున్నాను. అంతకుముందే అది ఒక తెల్లాయన చేతిలో రొట్టె గుంజుకుంది. ఇప్పుడు ఒక పాప ఐస్‌క్రీమ్ మీద పడింది. మరి నా సకినాలు నీ కోసం ముట్టిందా, ఆకలికి ముట్టిందా? ఎవరిని అడగాలి?

ఆ తిట్లు తింటున్నప్పుడే, టూరు కాగితం చూసి నువ్వన్న మొదటి మాట గుర్తొచ్చింది. "గన్ని నీళ్ళ నడుమ... ఆ ఊరోళ్ళు ఇంకా ఆడనే ఉంటున్నరానే? ఇడిశిపెట్టి పోలేదా?" అప్పుడు నేను నవ్వాను.

ఆ మాటే గైడును అడిగాను. కాస్త చల్లబడి చెప్పాడు. చాలామంది వెళ్ళిపోయారట... కింది గదుల్లోకి నీళ్ళు, మోయలేని కిరాయిలు. పొద్దున పనికొచ్చి, సాయంత్రం గట్టు మీది ఊళ్ళకు పోతారట. నీకు ఈ మాట చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఉత్తరం ఇంత ఆలస్యం.

నీకు కావలసింది వెనిస్ కాదు కదూ? డ్యామ్ నీళ్ళలో మునిగిపోయిన మీ ఊరు. మీ అమ్మ ఒళ్ళో కూర్చుని, ఎడ్లబండి మీద వదిలొచ్చిన ఊరు. ఆ నీళ్ళకే గేట్లు ఎత్తుతూ దించుతూ నౌకరీ అంతా గడిపావు. ఎన్నడూ దాని ఊసెత్తలేదు. ఒక్కసారి మాత్రం, లాంచీలో పోతుంటే, "మా ఇల్లు గీడనే ఉండాలె" అని నీళ్ళలో చెయ్యి పెట్టావు.

ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గితే అక్కడ పాతగోడలు తేలతాయని చేపలు పట్టేవాళ్ళు చెప్పారు. ఈసారి తేలితే పడవ మీద తీసుకెళ్తామన్నారు. యాటకూర వండుకుని వస్తాను. గారెలు, కల్లు, బీడీ కట్ట, ఏదీ మరిచిపోను. రవి కూడా వస్తానన్నాడు. ఒట్టు నిలబెట్టుకుంటున్నాడయ్యా, నమ్ము.

అక్కడా ముట్టకపోతే? భయంగానే ఉంది...

కానీ అక్కడ జెండా ఊపి, టైమైంది రమ్మని పిలిచేవాళ్ళు ఉండరు. పిట్ట దిగేదాకా మీ గోడ పక్కనే కూర్చుంటాను.

నీ పంతులమ్మ