తడి గంటె

22 అక్టోబర్ 2012, సోమవారం

మళ్లీ డబుల్ డ్యూటీ. పండుగలోపు అల్యూమినియం స్క్రాప్ అంతా కరిగించాలట. షెడ్డు గోడ మీద బోర్డు నేను రాసిందే: సీసం 327, జింక్ 419, అల్యూమినియం 660. ఇంట్లో ఆ లెక్కలు చెబితే, నువ్వెన్ని డిగ్రీలకు కరుగుతవ్ అని భాగ్యలక్ష్మి అడిగింది. పెళ్లాం పరాచికానికి నవ్వే ఓపిక కూడా లేదు.

24, బుధవారం, దసరా

ఫర్నెస్ ఆర్పాం. మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. కరిగిన లోహం తోడే పెద్ద గంటెను కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి నీళ్లు అందులోనే పోస్తాం. మళ్లీ పని మొదలైన రోజు గంటెను తొలిసారి ఆ బొట్టుతోనే ముంచాలి. ఇన్‌ఛార్జిని కాబట్టి పూజ నాదే. నా కింద గంటె పట్టే గఫార్ దూరంగా నిలబడ్డాడు. ప్రసాదం మాత్రం రెండుసార్లు తీసుకున్నాడు.

25, గురువారం, ఉదయం 11



రోజూ ముంచే ముందు గంటెను మంట దగ్గర పది నిమిషాలు ఆరబెడతాం. గఫార్‌తో సహా అందరికీ ఈ రూల్ నేర్పింది నేనే. నీళ్లు వందకే ఆవిరవుతాయి. కరిగిన అల్యూమినియంలో పడితే వాటికి మరిగే తీరిక కూడా ఉండదు. ఒక్క చుక్క పదహారు వందల రెట్లు ఉబ్బి, మీదున్న లోహాన్ని ఎగరేస్తుంది.

జర గరం జేద్దమా అన్నా, అని గఫార్ అడిగాడు. బొట్టు కాలిపోతది, అట్లనే ముంచు అన్నాను. ఏటా రెండు రోజులు సెలవుండేది, గంటె దానంతటదే ఆరేది. ఈసారి తెల్లారేసరికే ఫర్నెస్ ముట్టించాం. పైకి పొడిగానే కనిపించింది. పసుపు కింద తడి ఉంది.

గఫార్ ముంచినప్పుడే పైన విమానం దిగుతోంది. గఫార్ నోరు తెరవడం చూశాను, కేక వినబడలేదు. లోహం ఎగిరి అతని ఎడమ కంట్లో పడింది.

26

ఏమీ రాయలేను.

27, శనివారం, బక్రీద్

కంటి దవాఖానకు వెళ్లాను. గఫార్ భార్య రఫియా లేచి నాకు కుర్చీ ఇచ్చింది. ఈ ఏడు కుర్బానీ జెయ్యలే, మీ ఇంటికి మటన్ హిస్సా పంపలే, ఏమనుకోకు అన్నా అంది. సిగ్గుతో చచ్చాను. గంటె ఎట్ల పేలింది అని అడిగింది. తెలియదన్నాను. గఫార్ విన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

29, సోమవారం

మేనేజర్ జగన్ టైప్ చేసిన కాగితం ఇచ్చాడు. గఫార్ సొంత నిర్లక్ష్యంతో, గంటె వేడి చేయకుండా ముంచాడట. ఇది వెళ్తే గఫార్‌కు పరిహారం రాదు, పనీ ఉండదు. సంతకం పెట్టకుంటే ఇగ నువ్వే ఇంట్ల కూసుంటవ్, అన్నాడు జగన్. రేపు ఇస్తానన్నాను. నిజం చెప్పే ధైర్యం లేదు, అబద్ధం మోసే ఓపిక లేదు.

30, మంగళవారం

కన్ను ఇక రాదని డాక్టర్ తేల్చేశాడట.

కాగితం తిప్పి, వెనక చేత్తో రాశాను. వేడి చేద్దామని గఫార్ అడిగాడు. వద్దన్నది ఇన్‌ఛార్జి వీరేందర్. కింద సంతకం పెట్టాను. జగన్ రెండుసార్లు చదివాడు. నీకేమన్న దిమాక్ ఉన్నదా అన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు.

31

రఫియాకు ఫోన్ చేసి అంతా చెప్పాను. గఫార్ ఫోన్ లాక్కున్నాడు. కన్ను పోగొట్టినందుకు తిట్టాడు. తర్వాత నౌకరి పోగొట్టుకున్నందుకు ఇంకా ఎక్కువ తిట్టాడు. గంటె పేలిన రోజు నుంచి నాకు నిద్ర లేదు, వింటూ వింటూ నిద్రపోయాను.